తీఱికయు వేళయు

“తీఱిక లేదమ్మా” అను మాట నేడు మన స్త్రీలలో కుశలప్రశ్నకు ప్రత్యుత్తరమైనది. ఆదివారమున ఆరాధన ముగిసి గుడి మెట్లు దిగుచున్నవారిని ఎవరినైనను “బాగున్నారా?” అని యడిగి చూడుడు. “బాగున్నాము” అనుటకు ముందే “ఒక్క క్షణము తీఱిక లేదు” అను పలుకు వెలువడును. ఇందు అసత్యము లేదు. కాని కొందఱు సోదరీమణులు ఈ మాటనే మఱియొక సందర్భమునను మాకు చెప్పుచున్నారు. “ప్రార్థనకు తీఱిక దొరకుట లేదు. వాక్యము చదువుకొన కూర్చుండినచో కుక్కరు కూయును. రాత్రి మోకరించినచో మోకాళ్లమీదనే నిద్ర వచ్చును. మేము భక్తిహీనులమైపోయితిమా?” అని యడుగుచున్నారు. ఈ ప్రశ్నలోని దుఃఖము నిజమైనది గనుక ఈ మాసము దీనినే విచారింపదలచితిమి.

ముందుగా ఆ మాటనే చూతము. తీఱుట యనగా ముగియుట. పని తీఱిన పిమ్మట లభించునది తీఱిక. పొలము పని తీఱును; కోత కోసి, కుప్ప నూర్చి, గింజ యిల్లు చేర్చినచో రైతు కొంతకాలము కాలు చాచుకొని కూర్చుండును. బడి పని తీఱును. సాయంకాలమున గంట మ్రోగినతోడనే ఉపాధ్యాయుడును పిల్లలును ఇంటి దారి పట్టుదురు. ఇంటి పనికి అట్టి గంట లేదు. ఉదయమున తోమిన గిన్నె మధ్యాహ్నమునకు మరల అంట్లలో చేరును. నేడు ఉతికిన బట్ట రేపటికి మాయును. నిన్న కడుపు నిండ తిన్నవారే నేడును ఆకలియని వత్తురు. కావున తీఱిక దొరికినప్పుడు ప్రార్థింతుమని యెదురుచూచు గృహిణికి ఆ దినము ఎన్నడును రాదు. ఇది ఆమె సోమరితనము వలన కలిగిన లోపము కాదు, ఆ పని స్వభావమే అట్టిది. మనకు వలయునది తీఱిక కాదు, వేళ. పసిబిడ్డకు పాలిచ్చుటకు వేళ యున్నది. ముసలి మామగారికి మందిచ్చుటకు వేళ యున్నది. ఇవి పనులన్నియు తీఱువఱకు ఆగునవి కావని యెఱిగి, మిగిలినవానిని ప్రక్కకు నెట్టి వీనిని చేయుచున్నాము గదా.

దానియేలు సంగతి తలపునకు తెచ్చుకొనుడు. ఆయన పనిపాటలు లేని యోగి కాడు. దర్యావేషు రాజ్యమున నూట యిరువది మంది అధిపతులపై నియమింపబడిన ముగ్గురు ప్రధానులలో ఒకడు. లెక్కలు, విన్నపములు, తగవులు అన్నియు ఆయన చేతిమీదుగా పోవలసినవే. అయినను దినమునకు ముమ్మాఱు యెరూషలేము తట్టు కిటికీలు తెఱచి మోకరించుచుండెను. తీఱిక చూచుకొని యెప్పుడో యొకప్పుడు ప్రార్థించువాడైనచో ఆయనను పట్టుకొనుట శత్రువులకు అంత సులభమయ్యెడిది కాదు! వేళ తప్పనివాడు గనుకనే పట్టుబడెను. అపొస్తలుడైన పేతురు యొప్పేలో చర్మకారుడైన సీమోను ఇంట బస చేసినప్పుడు మధ్యాహ్నవేళ ప్రార్థనకై మిద్దె యెక్కెను. ఆయనకు ఆకలి కలిగెననియు, ఇంటివారు భోజనము సిద్ధము చేయుచుండగా దర్శనము కలిగెననియు అపొస్తలుల కార్యములలో చదువుచున్నాము. క్రింద వంట చేయుచున్నవారు తమ ప్రార్థన యెప్పుడు చేసికొనిరో గ్రంథము చెప్పలేదు. మనవంటివారికి ఆ సంగతి యెఱుగవలెనని కుతూహలము కలుగుట సహజము.

మన పెద్దలు అహోరాత్రమును 60 గడియలుగా విభజించిరి. గడియకు 24 నిమిషములు. ఈ అఱువదింటిలో ఒక్క గడియ ప్రభువునకు ప్రత్యేకింపుడని మా మనవి. అంతకంటె ఎక్కువ ఇయ్యగలవారు ధన్యులు గాని, మేము వ్రాయుచున్నది వారికొఱకు కాదు. ఈ గడియను గడియారపు ముల్లునకు ముడివేయుటకంటె ఇంటిలో ఎట్లును జరుగు ఒక పనికి ముడివేయుట మేలు. గడియారమును ధిక్కరించు సంఘటనలు ఇంటిలో దినమునకు పది జరుగును. పిల్లలు బడికి, పెద్దలు కచేరీకి పోయిన తరువాత తలుపు వేసెదము గదా. ఆ తలుపు గడియ పెట్టిన తోడనే, అంట్లవైపు చూడక ముందే, ఆ కాలపు గడియ ప్రారంభము కావలెను. గదిలోనికి పోయి తలుపు వేసికొని ప్రార్థింపుమని ప్రభువు కొండమీద బోధించెను. అత్తమామలు, మఱదులు, పిల్లలు కలిసియున్న రెండు గదుల యింట ప్రత్యేకముగ ఒక గది యెక్కడిదని యడుగుదురేమో. ఇంగ్లాండులో ఎప్‌వర్త్ అను గ్రామపు గురువుగారి భార్య సుసన్నా వెస్లీ (1669–1742) పందొమ్మిదిమంది బిడ్డలను కని, అందు పదిమందిని పెంచి పెద్దచేసెను. మెథడిస్టు సంఘమునకు మూలపురుషుడైన జాన్ వెస్లీకిని, కీర్తనకారుడైన చార్లెస్ వెస్లీకిని ఈమె తల్లి. ఇంటిలో ఏకాంతము దొరకనందున ఆమె తన వంట గుడ్డను తలమీదుగా కప్పుకొని ప్రార్థించెడిదనియు, ఆ గుడ్డ కప్పియున్నంతసేపు పిల్లలు అల్లరి చేయకుండిరనియు పరంపరగా చెప్పుదురు. ఇది కథయో నిజమో గాని, పైట కొంగు ఉన్నవారికి ఏకాంతము లేదనుటకు వీలులేదు.

ఆమెను గూర్చి నిశ్చయముగా తెలిసిన సంగతి యొకటి ఇంతకంటెను మాకు ప్రియమైనది. వారమున ప్రతిరాత్రియు ఒక బిడ్డతో ఏకాంతముగా కూర్చుండి మాటలాడుట ఆమె నియమము. జాన్ వంతు గురువారము. ఇంటినిండ బిడ్డలున్నప్పుడు అందఱితో ఒక్కమాఱు మాటలాడితిమని తృప్తిపడుట సులభము. కాని అందఱితో మాటలాడిన మాట ఏ యొక్కరి చెవిలోను నిలువదు. జాన్ పెద్దవాడై ఆక్స్‌ఫర్డులో పండితుడుగా నున్నప్పుడు సయితము, ఆ గురువారపు సాయంకాలపు పాలు తనకు ఇప్పటికిని కావలెనని తల్లికి వ్రాసెను. ఒక గడియ యెంతటిదో దీనినిబట్టి తెలిసికొనవచ్చును.

ఇక ఆ గడియలో ఏమి చదువవలెను? గ్రంథమున 1189 అధ్యాయములు గలవు. దినమునకు మూడును, ఆదివారమున అయిదును చదివినచో సంవత్సరమునకు ముగియును. ఈ లెక్క సత్యమే గాని, ఆఱు నెలల బిడ్డను చంకనిడుకొన్న తల్లికి దీనిని చెప్పుట మాకు ఇష్టము లేదు. లెక్క తప్పిన మూడవ వారముననే ఆమె గ్రంథమును మూసివేసి, సిగ్గుచే మరల తెఱవదు. అట్టివారు లూకా సువార్త పట్టుదురు గాక. ఇరువదినాలుగు అధ్యాయములు, దినమునకొకటి చదివినను నెల తిరుగకమునుపే ముగియును. అదియును కష్టమైనచో ఒక్క కీర్తన చాలును. ఆంగ్లికను సంఘపు ప్రార్థన పుస్తకమున 150 కీర్తనలను ముప్పది దినముల ఉదయ సాయంకాలములకు పంచియుంచిరి. మనము ఆ పంచినదానిలో సగము గాని, పాతిక గాని తీసికొన్నను కీర్తనలు చిన్నబుచ్చుకొనవు.

ఇంతవఱకు చెప్పినది సులభము. ఇట్టి హితవులు చెప్పువారు లోకమున కొఱత లేదు. స్త్రీ తన కాలమును చక్కగా దిద్దుకొన్నచో అంతయు సరియగునని చెప్పి ముగించుట న్యాయము కాదు. ఆమె కాలములో ఎంత ఆమెది?

2019 సంవత్సరమున జాతీయ గణాంక కార్యాలయమువారు దేశమంతట జనులు దినమును ఎట్లు గడుపుచున్నారో విచారణ జరిపిరి. జీతము లేని యింటి పనిలో పాల్గొను స్త్రీలు అందుకై దినమునకు సగటున 299 నిమిషములును, పాల్గొను పురుషులు 97 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలెను. మన గడియలలో చెప్పినచో ఆమెకు పండ్రెండున్నర, ఆయనకు నాలుగు. అదియు పాల్గొను పురుషుల లెక్క. అట్టివారు నూటికి ఇరువదియాఱుగురు మాత్రమే. బిడ్డల పెంపకము, వృద్ధుల సేవ ఇందు చేరలేదు, వానిని వేఱుగ లెక్కించిరి. “తెల్లవాఱుజామున లేచి ప్రార్థింపవలెను” అని వేదికమీదనుండి హెచ్చరించువారు ఆమె రాత్రి ఎన్ని గంటలకు పండుకొన్నదో ముందు విచారింపవలెను.

మన వివాహములలో బోధకులు సామెతల గ్రంథపు ముప్పదియొకటవ అధ్యాయమును తప్పక చదువుదురు. అందలి గుణవతి చీకటితోనే లేచును, పొలము కొనును, ద్రాక్షతోట నాటించును, దీపమారనీయదు. అట్లే భారతమున అరణ్యపర్వములో ద్రౌపది సత్యభామకు తన గృహనిర్వహణమును వివరించును. అందఱికంటె ముందు లేచి, అందఱి పిదప నిద్రించి, ఆదాయవ్యయములను తానే చూచుకొనెడిదట. ఈ యిరువురిని చూపి కోడండ్రను మందలించుట మన పెద్దలకు పరిపాటి. కాని గుణవతి చీకటితో లేచి చేసిన పనులలో దాసీలకు వారి వంతు పంచుట యొకటి. ద్రౌపదికిని వేలకొలది దాసీజనము కలదు. వారు ఏలికసానులు, పని తీర్చిదిద్దువారు. ఒంటరిగా వండి, వడ్డించి, తోమి, ఉతికి, బిడ్డలకు పాఠము చెప్పి, పలువురు ఉద్యోగమునకును పోవుచున్న నేటి స్త్రీని వారితో పోల్చుట ఏమి న్యాయము?

మార్తను గూర్చియు అట్లే. బేతనియ గృహమును గూర్చిన ప్రసంగము విని, ఇంటికి వచ్చి, ఆ ప్రసంగము చేసిన బోధకునికే నాలుగు కూరలతో భోజనము సిద్ధపఱచిన సోదరీమణులు మనలో కొల్లలుగా నున్నారు. ప్రభువు మార్తను మందలించినది వంట చేసినందుకు కాదు. యోహాను సువార్త పండ్రెండవ అధ్యాయమున అదే బేతనియలో విందు జరిగినప్పుడు మార్త మరల వడ్డించుచునేయున్నది. అప్పుడు ఒక్క మాటయు అనలేదు. లాజరు మరణించినప్పుడు ఎదురేగి ఆయనను దేవుని కుమారుడని ఒప్పుకొన్నదియు మార్తయే. ఆ మొదటి దినమున ఆమె చిక్కు వేఱు. పనులు అనేకమై మనస్సు ముక్కలైనది, ఆ ముక్కలైన మనస్సుతో చెల్లెలి తీఱును లెక్కించినది. కావున మనము అడుగవలసిన ప్రశ్న, “వండవలెనా, వాక్యము వినవలెనా?” అనునది కాదు. “నాలుగు కూరలు ఎవరికొఱకు?” అనునది. వచ్చినవారి ఆకలికొఱకైనచో పప్పును ఒక వేపుడును చాలును. వాడకట్టులో మాట దక్కించుకొనుటకైనచో ఎనిమిది కూరలైనను చాలవు.

పనిని తగ్గించుట ఒకటి, పంచుట మఱియొకటి. మోషే ఉదయము మొదలు సాయంకాలమువఱకు ఒక్కడే కూర్చుండి తగవులు తీర్చుచుండగా, ఆయనకు పిల్లనిచ్చిన మామ యిత్రో వచ్చి, ఈ పద్ధతి మంచిది కాదనియు, నీవును జనులును నలిగిపోవుదురనియు చెప్పి, వేయిమందికి, నూఱుమందికి, ఏబదిమందికి, పదిమందికి వేఱువేఱు అధికారులను నియమింపజేసెను. అంతటి ప్రవక్తయు అలసినాడని మొదట గమనించినది ఇంటి పెద్ద. మన యిండ్లలో అత్తగారును మామగారును ఈ యిత్రో పనిని చేపట్టినచో ఎంత మేలు! కోడలి ముఖమును చూచి ఆమె నలిగినదని మొదట కనిపెట్టదగినవారు వారే. యెరూషలేములో విధవరాండ్రకు అనుదినము ఆహారము పంచుటలో చిక్కు వచ్చినప్పుడు అపొస్తలులు ఏడుగురిని ఏర్పఱచిరి. ఆ ఏడుగురును పురుషులే. మంచి పేరు గలవారును, ఆత్మతోను జ్ఞానముతోను నిండినవారును భోజనపు బల్లల పనికి నియమింపబడిరి. పిల్లవాడు తన కంచము తాను తీయుట పౌరుషమునకు లోపమనుకొను యిండ్లలో ఈ అధ్యాయమును కుటుంబ ప్రార్థనలో నెమ్మదిగా చదువదగును. వ్యాఖ్యానము అక్కరలేదు.

అంతరాయములను గూర్చి ఒక మాట. ప్రార్థనకు కూర్చుండగనే పొరుగింటామె పిలుచును. యాయీరు కుమార్తె చావుబ్రతుకులలో నున్నదని ప్రభువు పోవుచుండగా, పండ్రెండేండ్లుగా రక్తస్రావముతో బాధపడుచున్న స్త్రీ వెనుకనుండి వస్త్రమును ముట్టెను. ఆయన ఆగెను, ఆమెతో మాటలాడెను, ఆ చిన్నదానికిని ఆలస్యము కాలేదు. కావున కష్టముతో తలుపు తట్టినవారిని విసుగుకొనరాదు. ఆ గడియకు వారే ప్రార్థన. అయితే కపెర్నహూములో అందఱును తన్ను వెదకుచున్నారని శిష్యులు చెప్పినప్పుడు అదే ప్రభువు వెనుకకు పోక, వేఱు ఊళ్లకు పోవుదమనెను. పిలిచినవారందఱి పిలుపును ఆజ్ఞ కాదన్నమాట. స్త్రీల సమాజపు కార్యదర్శిత్వము, సండేస్కూలు, క్రిస్మసు పిండివంటలు, గుడి అలంకారము, ఇవన్నియు ఒక్కరినే అడుగుదురు. కాదనలేని దొకతె ప్రతి సంఘమునను ఉండును. ఒకటి చేపట్టి మిగిలినవానికి “ఈ యేడు నావలన కాదు” అని చెప్పుటకు ఆమెకు మా పూర్ణ సమ్మతి.

మఱి సెల్‌ఫోను? అది తలుపు తట్టిన రోగి కాదు. మనము దానిని పొరుగింటామెతో సమానముగా గౌరవించుచున్నాము, ఒక్కొకప్పుడు ఆమెకంటె ఎక్కువగా. తెల్లవాఱగనే వాట్సాప్‌లో పూలబొమ్మలతో కూడిన వాక్యములు ఇరువది వచ్చును. వానిని మఱి నలువదిమందికి పంపి, నేటికి ధ్యానమైనదని తృప్తిపడువారు కలరు. పంపిన వాక్యములలో ఒక్కటియైనను మధ్యాహ్నమునకు జ్ఞాపకమున్నదా యని తమ్మును తామే పరీక్షించుకొందురు గాక. ఆ గడియ ముగియువఱకు ఫోను వంటయింటి బీరువాలో బియ్యపు డబ్బా ప్రక్కన నుండుట క్షేమము.

తుదకు ఆదివారము. మిగిలిన ఆఱు దినములకంటె ఆదివారమున మన స్త్రీలకు పని ఎక్కువ. అందఱికిని తలంట్లు, ఇస్త్రీ బట్టలు, టిఫిను, గుడి, వచ్చినతోడనే మాంసపు కూర, బంధువులు. విశ్రాంతిదినపు ఆజ్ఞలో నీవు, నీ కుమారుడు, నీ కుమార్తె, నీ దాసుడు, నీ దాసి, నీ పశువు, నీ ఇంటనున్న పరదేశి అని వరుసగా చెప్పబడినది. భార్య పేరు విడిగా లేదు. “నీవు” అనుటలో ఆమెయు చేరినదని పండితులు చెప్పుదురు, మాకును అదియే సమ్మతము. కాని అనేక గృహములలో ఆ పట్టికను వ్రాసినది వ్రాసినట్లే చదువుకొని, పశువునకును సెలవిచ్చి భార్యకు ఈయకున్నారు. అరణ్యమున మన్నా కురిసిన దినములలో ఆఱవ దినమున రెండింతలు కూర్చుకొని, కాల్చవలసినది కాల్చి వండవలసినది వండియుంచుకొమ్మని మోషే చెప్పెను. మనకును శనివారము కలదు. చింతపండు పులుసు ఉడికించి యుంచినచో ఆదివారము పులిహోర కలుపుట ఎంతసేపు? ఇడ్లీపిండి శనివారమే రుబ్బవచ్చును. పెరుగు, ఊరగాయ ఉండనే యున్నవి. మాంసపు కూర బుధవారమున తిన్నను రుచి తగ్గదు.

ఆ పట్టికలోని దాసిని గూర్చియు అడుగవలసియున్నది. మన యింట అంట్లు తోమి, ఇల్లు తుడిచిపోవు ఆమెకు వారమున ఒక దినము సెలవు గలదా? ఆమెకును ఇల్లు, బిడ్డలు, ఆమె మ్రొక్కు దేవుడు ఉన్నారు. ద్వితీయోపదేశకాండమున ఈ ఆజ్ఞకు కారణము చెప్పబడినది: ఐగుప్తులో మీరును దాసులైయుంటిరని జ్ఞాపకము చేసికొనుట. మనము ఉదయమున గుడిలో విశ్రాంతి కీర్తన పాడుచుండగా ఆమె మన పెరటిలో గిన్నెలు తోముచుండుట ఎట్లు పొసగును? ఆదివారము ఆమెకు సెలవీయవలెను. జీతములో కోత పెట్టరాదు. సోమవారమున రెండు దినముల అంట్లను ఆమె ముందు కుప్పవేయరాదు. ఈ మూడవదానియొద్దనే చాలమంది జాఱిపోవుదురు.

అప్పుడు ఆదివారపు అంట్లు ఎవరు తోమవలెనని ప్రశ్న. ఎవరి కంచము వారు కడుగుకొనవలెను. గిన్నెలు ఒక వారము ఆడువారు, ఒక వారము మగవారు. మాకు తెలిసిన రెండు మూడు ఇండ్లలో ఈ యేర్పాటు జరుగుచున్నది. అందొక యింట పదునాలుగేండ్ల పిల్లవాడు మొదటి రెండు వారములు గొణిగి, మూడవ వారమున, అడుగంటిన పాలగిన్నెను ఎట్లు వదలించవలెనని వాళ్లమ్మను అడిగెనట. ముందు నీళ్లు పోసి నానబెట్టుమని ఆమె చెప్పినది.